వోల్టేజీ గ్లిచ్ పడినప్పుడు పవర్ ట్రేస్‌లో ఏమి కనిపిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో హార్డ్‌వేర్ భద్రత మీద ప్రాజెక్టు తీసుకునే విద్యార్థులు ఏటా పెరుగుతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది గ్లిచ్ వేయడం వరకూ బాగానే వస్తారు. "ఎన్నిసార్లు పడింది" అని అడిగితే లెక్క చెబుతారు. "పడినప్పుడు చిప్ లోపల ఏమి జరిగింది" అని అడిగితే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు ప్రయోగం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది, దానికి జవాబు పవర్ ట్రేస్‌లో ఉంది. తరచూ ఎదురయ్యే ప్రశ్నలనూ, నేను ఇచ్చే జవాబులనూ ఇక్కడ రాస్తున్నాను.

వోల్టేజీ గ్లిచ్ అంటే ఏమిటి? పవర్ ట్రేస్ అంటే ఏమిటి?

మైక్రోకంట్రోలర్‌కు అందే సరఫరా వోల్టేజీని పదుల లేదా వందల నానోసెకన్ల పాటు కావాలని పడగొట్టి, వెంటనే మామూలు స్థితికి తేవడమే వోల్టేజీ గ్లిచ్. ప్రోగ్రామ్ నడుస్తున్నంత సేపూ చిప్ ఎంత కరెంటు తీసుకుంటోందో కాలంతో పాటు గీసిన గీత పవర్ ట్రేస్. మొదటిది మనం చిప్‌కు చేసే పని, రెండోది చిప్ మనకు ఇచ్చే సాక్ష్యం.

కొన్ని నానోసెకన్లు వోల్టేజీ తగ్గితే చిప్ ఎందుకు తప్పు చేస్తుంది?

చిప్‌లోని ట్రాన్సిస్టర్ల వేగం వోల్టేజీ మీద ఆధారపడి ఉంటుంది. వోల్టేజీ తగ్గితే ఒక రిజిస్టరు (విలువను పట్టి ఉంచే చిన్న గది) నుంచి బయలుదేరిన సంకేతం తర్వాతి రిజిస్టరుకు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. క్లాక్ మాత్రం ఆగదు. క్లాక్ అంచు వచ్చేసరికి కొత్త విలువ ఇంకా దారిలోనే ఉంటే, రిజిస్టరు పాత విలువనో తప్పు విలువనో పట్టుకుంటుంది. ఫ్లాష్ మెమరీ చదివే సర్క్యూట్లు కూడా తక్కువ వోల్టేజీలో బిట్లను తప్పుగా చదువుతాయి.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటి ఉంది. ఏవీఆర్ అనే మైక్రోకంట్రోలర్ కుటుంబపు చిప్‌లలో అన్ని బిట్లూ సున్నాగా ఉన్న ఆదేశానికి "ఏమీ చేయకు" అని అర్థం. ఆర్మ్ కార్టెక్స్-ఎం అనే మరో కుటుంబపు చిప్‌లలో 16 సున్నాల ఆదేశం ఆర్0 రిజిస్టరును ఆర్0కే కాపీ చేస్తుంది, అంటే అదీ దాదాపు ఏమీ చేయనట్టే. చదివేటప్పుడు ఒకట్లు సున్నాలుగా మారితే ఒక ఆదేశం చడీచప్పుడు లేకుండా మాయమైపోతుంది. పాస్‌వర్డ్ సరిచూసే చోట ఉన్న ఆదేశమే అలా మాయమైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సీరియల్ పోర్టులో తప్పు జవాబు వస్తే గ్లిచ్ పడినట్టే కదా, ట్రేస్ కూడా ఎందుకు చూడాలి?

చిప్ కంప్యూటర్‌కు జవాబులు పంపే సీరియల్ పోర్టు చివరి ఫలితం మాత్రమే చెబుతుంది. జవాబు రాలేదనుకోండి: చిప్ రీసెట్ అయిందా, ఎక్కడో అనంత లూప్‌లో చిక్కుకుందా, సీరియల్ విభాగం సెట్టింగులే చెడిపోయాయా? మూడింటికీ తెర మీద కనిపించేది ఒకే ఖాళీ. ట్రేస్‌లో మూడూ వేర్వేరుగా కనిపిస్తాయి. జవాబు సరిగ్గా వచ్చినా నమ్మలేం. లోపల తప్పు జరిగి అది చివరి ఫలితాన్ని తాకకపోయి ఉండవచ్చు. ట్రేస్ లేకుండా గ్లిచ్ వెడల్పు (ఎంతసేపు), ఆలస్యం (ఎప్పుడు) మార్చుకుంటూ వేల సార్లు ప్రయత్నిస్తే ఏదో ఒకటి పడుతుంది, నిజమే. అది ఎందుకు పడిందో చెప్పలేకపోతే రేపు ఇంకో చిప్ ఇచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి రావాలి.

మొదటి ప్రయోగానికి ఏ చిప్ మంచిది?

రెండు వరసల కాళ్ళుండే డిప్ ప్యాకేజీలో దొరికే ఏవీఆర్ చిప్ ఏటీమెగా328పీ. గవర్నర్‌పేటలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. కోర్‌కు వేరే రెగ్యులేటర్ లేని చిప్ కాబట్టి మీరు పిన్ను మీద చేసింది దాదాపు నేరుగా లోపలికి వెళ్తుంది. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఒక క్లాక్ చక్రం 62.5 నానోసెకన్లు, మామూలు ఆసిలోస్కోప్‌కు (స్కోప్‌కు) సులభంగా అందే వేగం. పైగా ఆ వేగంలో ఈ చిప్ నమ్మకంగా నడవాలంటే డేటాషీట్ ప్రకారం సుమారు 3.8 వోల్టులైనా కావాలి. 5 వోల్టుల నుంచి అక్కడికి దూరం తక్కువ.

ఆర్డ్వినో బోర్డును యథాతథంగా వాడవద్దు. దాని మీద కెపాసిటర్లు, రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ అన్నీ కలిసి మీ గ్లిచ్‌ను మింగేస్తాయి, ట్రేస్‌నూ మసకబారుస్తాయి. చిప్‌ను విడిగా తీసుకుని రంధ్రాల పీసీబీ మీద సోల్డర్ చేయండి. బ్రెడ్‌బోర్డు కూడా వద్దు, దాని తీగల ఇండక్టెన్సే గ్లిచ్ ఆకారాన్ని మార్చేస్తుంది.

పరీక్ష ప్రోగ్రామ్ ఎలా ఉండాలి?

ఒకదానిలో ఒకటి రెండు లూప్‌లు, ఒక్కొక్కటి వంద సార్లు. లోపలి లూప్‌లో ఒక లెక్కింపు చరరాశిని ఒకటి పెంచాలి. చివర 10,000 వస్తే అంతా సవ్యం. లూప్ మొదలయ్యే ముందు ఒక పిన్నును పైకి లేపి, ముగిశాక దించాలి. అదే స్కోప్‌కు ట్రిగ్గర్, అంటే ట్రేస్ పట్టడం మొదలుపెట్టమని చెప్పే సంకేతం. చరరాశులను వోలటైల్‌గా ప్రకటించడం తప్పనిసరి. లేకపోతే కంపైలర్ లూప్ మొత్తాన్ని తీసేసి 10,000 అనే సంఖ్యను నేరుగా పెట్టేస్తుంది, అప్పుడు గ్లిచ్ వేయడానికి అక్కడ ఏమీ మిగలదు.

చివరి లెక్కతో పాటు రెండు లూప్‌ల సూచికలనూ సీరియల్ పోర్టులో పంపండి. లెక్క 9,999 వచ్చి సూచికలు సరిగ్గా ఉంటే కూడిక ఒకటి తప్పిందని అర్థం. సూచికలే తప్పుగా ఉంటే పోలిక దగ్గరో, దూకే ఆదేశం దగ్గరో దెబ్బ తగిలింది. కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ జాబితాను కాగితం మీద అచ్చువేసి, ప్రతి ఆదేశం పక్కన అది తీసుకునే చక్రాలు రాసుకోండి. ఆ కాగితం లేకుండా ట్రేస్ చదవడం కుదరదు.

షంట్ రెసిస్టర్ ఎంత ఉండాలి, ఎక్కడ పెట్టాలి?

షంట్ అంటే చిప్‌కు వెళ్ళే కరెంటు దారిలో పెట్టే చిన్న రెసిస్టర్, దాని మీద పడే వోల్టేజీని కొలిస్తే కరెంటు తెలుస్తుంది. సరఫరాకూ చిప్‌కూ మధ్య, పై గీతలో 10 ఓమ్‌ల రెసిస్టర్‌తో మొదలుపెట్టండి. ఏటీమెగా328పీ 5 వోల్టుల దగ్గర, 16 మెగాహెర్ట్జ్‌లో సుమారు 10 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. అంటే షంట్ మీద 100 మిల్లీవోల్టుల వరకూ పడుతుంది. మనకు కావలసిన హెచ్చుతగ్గులు అందులో చిన్న భాగమే. గ్లిచ్ వేసే ట్రాన్సిస్టర్ (మాస్‌ఫెట్) చిప్ వైపు నుంచి భూమికి (సర్క్యూట్ గ్రౌండ్‌కు) షార్ట్ చేసినప్పుడు ఇదే రెసిస్టర్ కరెంటును అర యాంపియర్‌కు పరిమితం చేస్తుంది. 1 ఓమ్ పెడితే 5 యాంపియర్లు అడుగుతుంది, మీ సరఫరా యూనిట్ అంత ఇవ్వలేక తానే ఊగిపోతుంది.

ఈ చిప్‌లో 7వ పిన్ను వీసీసీ (ప్రధాన సరఫరా), 20వ పిన్ను ఏవీసీసీ (అనలాగ్ విభాగపు సరఫరా). రెండూ షంట్ తర్వాతే కలవాలి. ఏవీసీసీని నేరుగా 5 వోల్టులకు కలిపితే దాని దారిన కరెంటు లోపలికి చేరి, గ్లిచ్ సగం లోతుకే ఆగిపోతుంది.

చిప్ పక్కన ఉండే 100 నానోఫారడ్ కెపాసిటర్ తీసేయాలా?

తీసేయాలి. లెక్క చూడండి: 10 ఓమ్‌లు, 100 నానోఫారడ్‌లు గుణిస్తే 1 మైక్రోసెకను. అంటే 16 క్లాక్ చక్రాల్లో జరిగిన విషయమంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. షంట్‌కు ముందు, సరఫరా వైపు మాత్రం పెద్ద కెపాసిటర్ ఉండాలి. అది లేకపోతే పొడవాటి తీగల ప్రభావం ట్రేస్‌లోకి వస్తుంది.

కెపాసిటర్ తీసేశాక గ్లిచ్ లేకుండానే చిప్ అప్పుడప్పుడు రీసెట్ అవుతుంటే, ఒకటి రెండు నానోఫారడ్‌లు తిరిగి పెట్టి చూడండి. గ్లిచ్ లేనప్పుడు చిప్ గంటసేపు తప్పు లేకుండా నడిస్తేనే ముందుకు వెళ్ళాలి.

ఎలాంటి ఆసిలోస్కోప్ చాలు? ఒకే ఛానెల్‌లో గ్లిచ్‌నూ, చిప్ కరెంటునూ చూడవచ్చా?

కాలేజీ ల్యాబుల్లో సాధారణంగా ఉండే 50 లేదా 100 మెగాహెర్ట్జ్ డిజిటల్ స్కోప్ మొదటి ప్రయోగానికి చాలు. 50 మెగాహెర్ట్జ్ స్కోప్ చూపగల అంచు సుమారు 7 నానోసెకన్లు, 100 అయితే 3.5. దాని కన్నా నిటారైన అంచు మీ సర్క్యూట్‌లో ఉన్నా తెర మీద అంతే వాలుగా కనిపిస్తుంది. నమూనా వేగం విషయంలో జాగ్రత్త. ఉదాహరణకు రైగాల్ డీఎస్1054జెడ్ స్కోప్ ఒక ఛానెల్‌తో సెకనుకు 100 కోట్ల నమూనాలు తీస్తుంది, నాలుగూ తెరిస్తే అది 25 కోట్లకు పడిపోతుంది. అవసరం లేని ఛానెళ్ళను మూసేయండి.

ఒకే ఛానెల్ ప్రశ్నకు జవాబు: కుదరదు. మామూలు స్కోప్ 8 బిట్లది, మొత్తం తెర ఎత్తును 256 మెట్లుగా విడగొడుతుంది. 5 వోల్టుల గ్లిచ్ పూర్తిగా కనిపించాలని తెర మీద ఒక్కో గడికి 1 వోల్టు పెడితే ఒక్కో మెట్టు 30 మిల్లీవోల్టులు దాటుతుంది. చిప్ పని వల్ల వచ్చే కొద్ది మిల్లీవోల్టుల మార్పులు ఒక మెట్టులోపే సమాధి అవుతాయి. కాబట్టి రెండు ఛానెళ్ళు వాడాలి. ఒకటి డీసీ కప్లింగ్‌తో (వోల్టేజీ మొత్తం కనిపించేలా), గడికి 1 వోల్టు పెట్టి గ్లిచ్ ఆకారం కోసం. రెండోది ఏసీ కప్లింగ్‌తో (స్థిరమైన భాగం పోయి మార్పులే కనిపించేలా), గడికి 10 మిల్లీవోల్టులు పెట్టి చిప్ కరెంటు కోసం. మూడో ఛానెల్ ట్రిగ్గర్ పిన్నుకు, లేదా స్కోప్ వెనుక బయటి ట్రిగ్గర్ ఉంటే దానికి.

గ్లిచ్ చుట్టూ వంద మెగాహెర్ట్జ్ పైన అలలు కనిపిస్తున్నాయి. చిప్ నుంచే వస్తున్నాయా?

ముందు మీ ప్రోబ్ భూమి తీగను చూడండి. మొసలి క్లిప్‌తో వచ్చే 15 సెంటీమీటర్ల తీగకు సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబ్ కొన దగ్గర 12 పికోఫారడ్‌లు ఉన్నాయనుకుంటే ఆ రెండూ కలిసి 120 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతాయి. క్లిప్ తీసేసి, ప్రోబ్ కొన చుట్టూ చిన్న స్ప్రింగ్ భూమి తగిలించి చిప్ భూమి పిన్నుకు ఆనించండి. అలలు మాయమైతే అవి మీ తీగవే.

ఇంకో హెచ్చరిక. స్కోప్ భూమి క్లిప్ గోడ సాకెట్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. బోర్డును యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆ క్లిప్‌ను షంట్ మీద పెడితే సరఫరా నేరుగా ఎర్త్‌కు షార్ట్ అయ్యే దారి ఏర్పడవచ్చు. క్లిప్ ఎప్పుడూ భూమికే. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, ట్రేస్‌లో రొద (అక్కర్లేని చిన్న ఒడుదొడుకులు) కూడా తగ్గుతుంది.

గ్లిచ్ వేయడానికి ఏ మాస్‌ఫెట్ వాడాలి? దుకాణంలో ఐఆర్ఎఫ్540 ఇచ్చారు.

అది వద్దు. దాని గేట్ తెరుచుకోవడం మొదలవడానికే 2 నుంచి 4 వోల్టులు కావాలి, 3.3 వోల్టుల సంకేతంతో పూర్తిగా తెరుచుకోదు. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ తక్కువ వోల్టేజీకి తెరుచుకుంటుంది గానీ దాని గేట్ నింపడానికి 48 నానోకూలంబుల వరకూ కావాలి. మైక్రోకంట్రోలర్ పిన్ను 20 మిల్లీయాంపియర్లు ఇస్తే అందుకు 2.4 మైక్రోసెకన్లు పడుతుంది. 100 నానోసెకన్ల గ్లిచ్ కావాలనుకునే వారికి అది పనికిరాదు. ఐఆర్ఎల్ఎంఎల్2502 లాంటి చిన్న మాస్‌ఫెట్ తెప్పించుకోండి, దాని ముందు ఒక గేట్ డ్రైవర్ పెట్టండి. డ్రెయిన్‌ను చిప్ వీసీసీ పిన్నుకూ, సోర్సును చిప్ భూమి పిన్నుకూ వీలైనంత దగ్గరగా కలపాలి.

పల్స్ పుట్టించడానికి రాస్ప్‌బెర్రీ పై పికో చాలు. 125 మెగాహెర్ట్జ్‌లో నడిచే దాని పీఐఓ విభాగంతో (పిన్నులను కచ్చితమైన సమయాలకు కదిపే భాగం) 8 నానోసెకన్ల మెట్లతో వెడల్పునూ ఆలస్యాన్నీ మార్చవచ్చు.

గ్లిచ్ ముగిసిన వెంటనే ట్రేస్ పిచ్చిగా ఊగుతోంది. చిప్ దెబ్బ తిన్నదని అర్థమా?

కాదు. ఎక్కువమంది తప్పుగా చదివేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. మాస్‌ఫెట్ తెరుచుకున్నప్పుడు షంట్ మీద దాదాపు 5 వోల్టులూ పడతాయి. గడికి 10 మిల్లీవోల్టులు పెట్టుకున్న ఛానెల్‌కు అది తట్టుకోలేని దెబ్బ. స్కోప్ లోపలి యాంప్లిఫైయర్ పూర్తిగా ఒక అంచుకు వెళ్ళి, తిరిగి కోలుకోవడానికి సమయం తీసుకుంటుంది. ఏసీ కప్లింగ్ కెపాసిటర్ కూడా కొంత ఛార్జి పట్టుకుని గీతను పైకో కిందికో జరుపుతుంది. వీటికి తోడు తీగల మోత. ఈ మూడింటిలో చిప్ పాత్ర ఏమీ లేదు.

ఏది చిప్‌దో, ఏది పరికరాలదో విడదీయడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. చిప్ రీసెట్ పిన్నును భూమికి పట్టి ఉంచండి, అప్పుడు ప్రోగ్రామ్ నడవదు. అదే వెడల్పుతో అదే గ్లిచ్ వేసి ట్రేస్ తీసుకోండి. అది మీ పరికరాల సొంత ముద్ర. తర్వాత ప్రోగ్రామ్ నడుస్తుండగా తీసిన ట్రేస్ నుంచి దీన్ని తీసివేయండి. మిగిలినదే చిప్ చెప్పే మాట. రెండూ తేడా లేకుండా ఉన్న కాలం ఎంతో కొలిచి రాసుకోండి. గ్లిచ్ తర్వాత ఆ కాలం వరకూ మీకు చూపు లేదన్నమాట. అందులో ఏదో కనిపించిందని నివేదికలో రాయకూడదు.

సరే, మిగిలిన ట్రేస్‌లో ఏమేమి కనిపించవచ్చు?

ముందు మామూలు ట్రేస్‌ను కళ్ళకు అలవాటు చేసుకోండి. ప్రతి క్లాక్ అంచు దగ్గర ఒక ముల్లు, ముళ్ళ ఎత్తుల్లో చిన్న తేడాలు, లూప్ తిరిగిన ప్రతిసారీ అదే వరస. మంగళగిరి చీర అంచులో ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు ఉంటుంది. ఒక పోగు తప్పితే నేత తెలిసినవాళ్ళు ఎలా పట్టుకుంటారో మనమూ అలా పట్టుకోవాలి.

గ్లిచ్ తర్వాత కూడా అదే వరస, అదే సమయానికి కొనసాగితే చాలావరకు ప్రభావం లేనట్టే. "చాలావరకు" అనడానికి కారణం ఉంది. ఒక చక్రం తీసుకునే కూడిక ఆదేశం, ఒక చక్రమే తీసుకునే "ఏమీ చేయకు" ఆదేశంగా మారితే కాలంలో మార్పు రాదు. రిజిస్టరులోని విలువ మాత్రమే చెడినా అంతే. అలాంటి చోట ట్రేస్ ఒక్కటే చాలదు, సీరియల్‌లో వచ్చిన లెక్కనూ పక్కన పెట్టుకుని చూడాలి.

గ్లిచ్ తర్వాత వరస అదే ఉండి, మొత్తం కొన్ని చక్రాలు ముందుకు జరిగితే ఆదేశం దాటిపోయినట్టు. ఏవీఆర్‌లో దూకే ఆదేశం దూకినప్పుడు 2 చక్రాలు, దూకనప్పుడు 1 చక్రం తీసుకుంటుంది. అది మాయమైతే లూప్ ముందే ముగుస్తుంది, ట్రిగ్గర్ పిన్ను కూడా ముందే కిందికి దిగుతుంది. ఆ పిన్ను ఎంతసేపు పైన ఉందో కొలిచి, మామూలు వ్యవధి నుంచి తీసివేసి, 62.5 నానోసెకన్లతో భాగించండి. వచ్చిన చక్రాల సంఖ్యను అసెంబ్లీ కాగితంతో పోల్చితే దెబ్బ ఏ ఆదేశానికి తగిలిందో చాలాసార్లు వేలుపెట్టి చూపవచ్చు. ఈ ప్రయోగంలో నాకు అన్నిటి కన్నా ఇష్టమైన క్షణం అదే. బయట గీసిన గీతను చూసి లోపల ఏ ఆదేశం తప్పిందో చెప్పగలుగుతున్నాం.

కరెంటు ఒక్కసారిగా పడిపోయి, ముళ్ళు మాయమై, చదునుగా ఉంటే రీసెట్. క్రిస్టల్‌తో, ఆర్డ్వినో తరహా ఫ్యూజ్ సెట్టింగులతో (చిప్‌లో ముందే నిర్ణయించి పెట్టే ఎంపికలు) ఈ చిప్ తిరిగి లేవడానికి 16,384 క్లాక్ చక్రాలు, అదనంగా సుమారు 65 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. దాన్ని చూడాలంటే స్కోప్ కాల కొలతను గడికి 10 మిల్లీసెకన్లకు పెంచాలి. నానోసెకన్ల వివరమూ, ఈ దీర్ఘ దృశ్యమూ ఒకే ట్రేస్‌లో పట్టాలంటే స్కోప్ జ్ఞాపకశక్తి చాలదు. రెండు విడతలుగా తీసుకోండి.

ముళ్ళు ఉన్నాయి, కానీ మీ లూప్ వరస కాదు, చాలా పొట్టి వరస ఎడతెగకుండా తిరుగుతోంది అంటే చిప్ వేరే చోట చిక్కుకుంది. కార్టెక్స్-ఎం చిప్‌లలో ఇది బాగా కనిపిస్తుంది. తప్పు ఆదేశం ఎదురైతే అవి హార్డ్‌ఫాల్ట్ అనే, తప్పు జరిగినప్పుడు నడిచే ప్రోగ్రామ్ భాగానికి వెళ్తాయి, అక్కడ సాధారణంగా తనలోకి తానే దూకే ఒకే ఒక ఆదేశం ఉంటుంది.

చివరిది ప్రమాదకరమైనది. గ్లిచ్ తర్వాత కరెంటు మామూలు కన్నా ఎంతో పైకి వెళ్ళి అక్కడే నిలిచిపోతే అది లాచప్, అంటే చిప్ లోపల సరఫరాకూ భూమికీ మధ్య షార్ట్ లాంటి దారి తెరుచుకుని అలాగే ఉండిపోవడం. వెంటనే సరఫరా ఆపేయండి. షంట్ వల్ల చిప్ బతికే అవకాశం ఉంది, అయినా ఎక్కువసేపు ఉంచకూడదు.

రొద తగ్గించడానికి వంద ట్రేస్‌ల సగటు తీయవచ్చా?

గ్లిచ్ లేని ట్రేస్‌లకు తీయవచ్చు. వంద తీస్తే రొద పదో వంతుకు తగ్గుతుంది. గ్లిచ్ వేసిన ట్రేస్‌లను మాత్రం కలగలిపి సగటు తీయకూడదు. అందులో కొన్ని రీసెట్లు, కొన్ని దాటివేతలు, కొన్ని ఏమీ కానివి ఉంటాయి, వాటి సగటు ఎక్కడా జరగని ఒక కల్పిత ట్రేస్ అవుతుంది. ముందు ఫలితాన్ని బట్టి వేరు చేయండి, తర్వాత ఒక్కో గుంపుకూ విడిగా సగటు తీయండి.

10 మిల్లీసెకన్లకోసారి ట్రేస్‌లో పెద్ద ముల్లు వస్తోంది. మా ప్రోగ్రామ్‌లో అలాంటిది ఏమీ లేదు.

పైన తిరిగే ఫ్యాన్ రెగ్యులేటర్‌ను చూడండి. ట్రయాక్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ 50 హెర్ట్జ్ కరెంటును ప్రతి అర చక్రంలోనూ కోస్తుంది. అంటే సెకనుకు 100 సార్లు, సరిగ్గా 10 మిల్లీసెకన్లకోసారి. కెపాసిటర్లతో చేసిన మెట్ల రెగ్యులేటర్ అలా కోయదు. బెజవాడ ఎండల్లో ఫ్యాన్ ఆపి పనిచేయడం సాధ్యం కాదు కాబట్టి ల్యాబులో రెగ్యులేటర్‌నే మార్పించుకోండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ప్రయోగం కొనసాగించవద్దు, చతురస్ర తరంగం ఇచ్చే రకాలు ఇంకా ఎక్కువ రొద తెస్తాయి. బ్యాటరీ సెల్‌లు, వాటి తర్వాత లీనియర్ రెగ్యులేటర్ పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. పవర్ బ్యాంకు బ్యాటరీ లాంటిదే అనుకుంటారు, కానీ దాని లోపల స్విచింగ్ కన్వర్టర్ ఉంటుంది.

ఉదయం పనిచేసిన సెట్టింగ్ మధ్యాహ్నం పనిచేయడం లేదు. ఎందుకు?

ఉష్ణోగ్రత. ట్రాన్సిస్టర్ల వేగం, మాస్‌ఫెట్ నిరోధం రెండూ వేడితో మారతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో ఏసీ లేని గదిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా తక్కువేమీ కాదు. చిప్‌ను సొంత ఆర్‌సీ ఆసిలేటర్ మీద నడుపుతుంటే ఇంకా కష్టం, దాని వేగం వేడితోనూ, వోల్టేజీతోనూ మారుతుంది. క్రిస్టల్ వాడండి, ప్రతి ట్రేస్ పక్కన గది ఉష్ణోగ్రత రాయండి.

బ్రౌన్-అవుట్ రక్షణ పెట్టాం, అయినా గ్లిచ్ పడుతోంది. అది పనిచేయడం లేదా?

పనిచేస్తోంది. వోల్టేజీ నిర్ణీత హద్దు కన్నా కిందికి వెళ్ళి కొంత కాలం పాటు అక్కడే ఉంటేనే అది స్పందించేలా తయారు చేశారు. చిన్న చిన్న ఒడుదొడుకులకు రీసెట్ అయితే ఏ యంత్రమూ నడవదు. వంద నానోసెకన్ల గ్లిచ్ ఆ కాలపరిమితికి లోపలే ముగిసిపోతుంది. గ్లిచ్ వెడల్పును మెల్లగా పెంచుకుంటూ పోండి. ఒక చోట నుంచి ట్రేస్‌లో దాటివేతలు తగ్గి, రీసెట్లే కనిపిస్తాయి. అక్కడ ఏ రకం రీసెట్ జరిగిందో ఎంసీయూఎస్ఆర్ రిజిస్టరు చెబుతుంది. ఆర్డ్వినో బూట్‌లోడర్ ఆ రిజిస్టరును ముందే చెరిపేస్తుంది, కాబట్టి బూట్‌లోడర్ లేకుండా ఐఎస్‌పీ (చిప్ పిన్నుల ద్వారా నేరుగా ప్రోగ్రామ్ రాసే పద్ధతి) ద్వారా ప్రోగ్రామ్ ఎక్కించండి.

మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకున్నా వోల్టేజీ సున్నాకు రావడం లేదు, నెమ్మదిగా దిగుతోంది.

సీరియల్ తీగను తీసి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ తీగ పై స్థాయిలోనే ఉంటుంది. చిప్ వోల్టేజీ పడగానే పిన్ను లోపలి రక్షణ డయోడ్ ద్వారా కరెంటు వెనుక దారిన సరఫరా గీతలోకి చేరుతుంది. ఆ తీగలో 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే చాలు.

ఎస్‌టీఎం32 మీద అదే పద్ధతి పనిచేయలేదు.

కార్టెక్స్-ఎం రకానికి చెందిన ఆ చిప్‌లలో బయటి 3.3 వోల్టుల నుంచి కోర్‌కు తక్కువ వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్ లోపలే ఉంటుంది. మీ గ్లిచ్‌ను అది కొంతవరకు చదును చేస్తుంది. ఎఫ్4 వరసలో చాలా చిప్‌లకు వీక్యాప్ అనే పిన్నులు బయటికి వస్తాయి, కోర్ వోల్టేజీ అక్కడ దొరుకుతుంది. వాటి దగ్గరి కెపాసిటర్లను తీసి, గ్లిచ్‌నూ కొలతనూ అక్కడికి మార్చండి. ఎఫ్103లో ఆ పిన్ను లేదు, మొదటి ఎస్‌టీఎం32గా దాన్ని ఎంచుకోకపోవడం మేలు.

ఇది ల్యాబు ప్రయోగమేనా, బయట నిజంగా ఎవరైనా చేశారా?

చేశారు. 1996లో బోనే, డిమిలో, లిప్టన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆర్‌ఎస్‌ఏ అనే గుప్తలేఖన పద్ధతి లెక్కలో ఒక్క తప్పు జరిగినా రహస్య తాళంచెవి బయటపడవచ్చని చూపారు. 1999లో పాల్ కోచర్ బృందం పవర్ ట్రేస్‌ల తేడాల నుంచే రహస్య తాళంచెవులను లాగవచ్చని వివరించింది. ఈ రెండు దారులూ మన బల్ల మీద కలుస్తున్నాయి. 2018 చివర్లో ట్రెజర్ వన్ అనే క్రిప్టో వాలెట్‌లోని ఎస్‌టీఎం32 చిప్‌ను గ్లిచ్‌తో లొంగదీసి చూపారు. 2020లో నార్డిక్ సంస్థ ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్‌ల డీబగ్ తాళం ఇలాగే తెరుచుకుంది.

2024 ఆగస్టులో రాస్ప్‌బెర్రీ పై సంస్థ తన ఆర్‌పీ2350 చిప్‌లో దాచిన రహస్యాన్ని బయటికి తీసినవారికి బహుమతి ప్రకటించింది. ఆ చిప్‌లో గ్లిచ్‌లను కనిపెట్టే సర్క్యూట్లు కూడా ఉన్నాయి. 2025 జనవరిలో ప్రకటించిన విజేతల్లో ఒకరైన ఏడన్ కలెన్, ఓటీపీ మెమరీకి (ఒక్కసారే రాయగలిగే మెమరీ) విద్యుత్తు అందించే పిన్నును మిగతా వాటి నుంచి వేరు చేసి, దాని మీదే వోల్టేజీ పడగొట్టారు. తయారీ సంస్థే పిలిచి పరీక్షింపజేసుకోవడం, ఫలితాలను దాచకుండా ప్రచురించడం నాకు ఎంతో నచ్చిన విషయం.

ఆటోనగర్‌లో తెలిసినవారు పాత కారు ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఇస్తామన్నారు. దాని మీద చేయవచ్చా?

తుక్కుగా తీసేసినదీ, మళ్ళీ ఏ బండిలోకీ వెళ్ళనిదీ అయితే, యజమాని అనుమతి ఉంటే చేయవచ్చు. గ్లిచ్ తగిలిన ఈసీయూను తిరిగి బండిలో పెట్టకూడదు. అది ప్రాణాలతో ముడిపడిన పరికరం, దాని ఫ్లాష్‌లో ఏ బిట్ చెడిందో మీకు తెలియదు. ఇతరుల కరెంటు మీటర్లు, చెల్లింపు యంత్రాలు, సెట్‌టాప్ బాక్సుల జోలికి అసలు వెళ్ళవద్దు. అనుమతి లేకుండా చేసే ఇలాంటి పనులు సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తాయి. శిక్ష మూడేళ్ళ వరకూ జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. మీ సొంత పరికరంలో నిజమైన లోపం కనిపిస్తే తయారీదారుకు తెలపండి, వారు స్పందించకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు రాయండి.

మా ప్రోగ్రామ్‌ను గ్లిచ్ నుంచి ఎలా కాపాడుకోవాలి? ట్రేస్ అందుకు పనికొస్తుందా?

ముఖ్యమైన నిర్ణయాన్ని ఒకే బిట్ మీద నిలబెట్టకండి. అవునుకు 1, కాదుకు 0 అని పెడితే ఒక్క బిట్ చెడినా కథ మారుతుంది. ఒకదానికొకటి చాలా బిట్లలో తేడా ఉన్న రెండు సంఖ్యలు ఎంచుకోండి. సరిచూడడం రెండుసార్లు, వేర్వేరు పద్ధతుల్లో జరగాలి, మధ్యలో యాదృచ్ఛిక ఆలస్యం ఉండాలి. మొదటి విలువను "కాదు"గానే ఉంచి, అన్నీ కుదిరితేనే "అవును"గా మార్చాలి.

ఇవి నిజంగా పనిచేస్తున్నాయో లేదో ట్రేస్ చూపిస్తుంది. యాదృచ్ఛిక ఆలస్యం పెట్టామని చెప్పే ప్రోగ్రామ్‌ను నడిపి వంద ట్రేస్‌లు ఒకదాని మీద ఒకటి పరచండి. సరిచూసే చోటు ప్రతిసారీ ఒకే దగ్గర కనిపిస్తే ఆలస్యం యాదృచ్ఛికంగా లేదు. రీసెట్ అయిన ప్రతిసారీ అదే విత్తనంతో మొదలయ్యే రాండ్ ఫంక్షన్ వాడితే ఇదే జరుగుతుంది. రెండుసార్లు సరిచూసే భాగాన్ని కంపైలర్ అనవసరమని తీసేసి ఉండవచ్చు. ట్రేస్‌లో రెండో వరస లేకపోతే అసెంబ్లీ జాబితా తెరిచి చూడండి.

ఎన్ని వందల గ్లిచ్‌ల తర్వాత చిప్ పాడవుతుంది?

వోల్టేజీ కిందికి లాగే గ్లిచ్‌ల వల్ల చిప్ పాడవడం అరుదు. ప్రమాదం తిరిగి లేచేటప్పుడు వచ్చే ఎగదన్నుడులో ఉంది. ఏటీమెగా328పీకి గరిష్ఠ పరిమితి 6 వోల్టులు. మొదటి ఛానెల్‌లో ఆ శిఖరాన్ని కొలవండి, దాటుతుంటే తీగలు పొట్టి చేయండి. ఫ్లాష్ లేదా ఈఈప్రామ్ రాస్తున్న సమయంలో గ్లిచ్ వేస్తే లోపలి సమాచారం చెడుతుంది. అప్పుడు చిప్ బాగానే ఉన్నా ప్రోగ్రామ్ ఉండదు, మళ్ళీ ఎక్కించాలి.

ట్రేస్ ఫైళ్ళతో పాటు ఏమేమి భద్రపరచాలి?

గ్లిచ్ ఆలస్యం, వెడల్పు, షంట్ విలువ, సరఫరా వోల్టేజీ, స్కోప్ సెట్టింగులు, ప్రోబ్ గుణకం, గది ఉష్ణోగ్రత, సీరియల్‌లో వచ్చిన జవాబు, ఆ రోజు ఎక్కించిన హెక్స్ ఫైలు. ఈ చివరిదాన్ని అందరూ మరిచిపోతారు. కంపైలర్ వెర్షన్ మారితే అసెంబ్లీ మారుతుంది, అసెంబ్లీ మారితే పాత ట్రేస్‌లోని ఏ ముల్లు ఏ ఆదేశానిదో ఇక తెలియదు. స్కోప్ తెర ఫోటోలు నివేదికలో అందంగా ఉంటాయి గానీ వాటి నుంచి ఒక ట్రేస్‌ను ఇంకొకదాని నుంచి తీసివేయలేం. అంకెల రూపంలో ఉన్న సీఎస్‌వీ ఫైళ్ళనే దాచండి, ఫలితాన్ని బట్టి వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి, రీసెట్ పట్టి తీసిన ట్రేస్‌ను కూడా ప్రతి ఫోల్డర్‌లో ఒకటి ఉంచండి.